గట్టు మీద మాటలు: ఇసుకలో దిగిన బావులు

పోయిన నెల ఈ పేజీలో ఒకే ప్రశ్న వేశాను. ‘ఇది నీవల్ల కాదు’ అని పదిమందీ తేల్చేసిన పనిలోకి మీరెప్పుడైనా దిగారా, దిగితే ఏ ధైర్యంతో దిగారు అని. జవాబులొస్తాయని కూర్చుంటే ప్రశ్నలొచ్చాయి. మన గోదావరి వాళ్ళ తీరే అంత. ‘ఎక్కడికండీ’ అంటే ‘తమరెక్కడికండీ’ అంటారు. సంచీడు ఉత్తరాల్లోంచి అయిదు ఏరాను. జాగా చాలక కుదించాను, పేర్లు తీసేశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక ముక్క: నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు, అంటే కాలువ తలుపులు ఎత్తి దించే మనిషి. నా మాటల్లో సుద్దముక్క చప్పుడు కాస్త ఎక్కువే వినిపిస్తుంది, సర్దుకోండి.

*

టీచరుగారికి నమస్కారమండి. మాది పి.గన్నవరం అవతల లంక. నాన్న మూడెకరాలు కౌలుకి చేస్తారు. డీఎడ్ చేసి 2018లో గవర్నమెంటు టీచరు ఉద్యోగానికి డీఎస్సీ రాశాను, పోయింది. మళ్ళీ పరీక్ష 2025 దాకా లేదు. ఈ ఏడేళ్ళూ ప్రైవేటు బళ్ళో చెబుతూ, ఇంటికొచ్చి కుట్టుమిషను తొక్కుతూ చదివాను. ఈసారి ఒకటిన్నర మార్కులో పోయిందండి. అర్హత పరీక్ష టెట్ ఎప్పుడో రాసిందే, 104. మళ్ళీ రాయలేదు. అమ్మ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది, ఆరు అయ్యాయి. అన్నయ్య మాత్రం ‘లక్షలమంది రాస్తే మనకొస్తదా, నీ చదువు ఇసకలో ఇల్లు కట్టినట్టుంది’ అంటున్నాడు. మా పేటలో ఇంతవరకూ ఎవరికీ గవర్నమెంటు ఉద్యోగం లేదు. నమ్మకం ఉంటే సాధిస్తామంటారు కదా, లెక్కేసి చెప్పండి, నిజమేనా?

అమ్మా, లెక్కేసి చెప్పమన్నావు. ముందు లెక్కే చూద్దాం. దేవుడు కాసేపు ఆగుతాడు.

డీఎస్సీలో 100కి 80 రాతపరీక్షవి, 20 టెట్‌వి. టెట్ 150 మార్కులకి. అంటే టెట్‌లో ఏడున్నర పెరిగితే ఇక్కడ ఒకటి పెరుగుతుంది. నీకు తగ్గింది ఒకటిన్నర. ఏడున్నరని ఒకటిన్నరతో హెచ్చవేస్తే పదకొండుంబావు. పన్నెండు వేసుకో. టెట్ మళ్ళీ రాసుకోవచ్చు, ఎక్కువొచ్చిన మార్కే లెక్కలోకి తీసుకుంటారు. అప్పుడెప్పుడో, పాఠం చెప్పడం కూడా రాని రోజుల్లో నువ్వు 104 తెచ్చుకున్నావు. ఏడేళ్ళు పిల్లల మధ్య నిలబడినదానివి, ఇప్పుడు 116 తేలేవా? మీ పేట చరిత్రలో ఎవరికీ రాని ఉద్యోగానికీ నీకూ మధ్య ఉన్న దూరం ఈ పన్నెండు మార్కులే. దీన్ని అసాధ్యం అనడానికి నాకు నోరు రావడం లేదు.

లక్షలమంది అంటున్నాడు మీ అన్నయ్య. 16,347 పోస్టులకి రాష్ట్రమంతా కలిసి లక్షల్లోనే రాశారు, నిజమే. ఆ అంకె పేపరు మొదటి పేజీకి పనికొస్తుంది. నీ పోటీ మన ఉమ్మడి జిల్లాలో, నీ పోస్టుకి, నీ కేటగిరీలో రాసినవాళ్ళతోనే. ఇంకొకటి మర్చిపోకు. 2018కీ 2025కీ మధ్య పరీక్షే లేదు. 2024లో 6,100 పోస్టులకి ప్రకటన వచ్చి, అదీ ఆగిపోయింది. ఆ ఏడేళ్ళలో పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించినవాళ్ళు నా దగ్గర చదివినవాళ్ళలోనే ఉన్నారు. ఒకడు రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరాడు. ఒకమ్మాయి కువైట్ వెళ్ళింది. వాళ్ళని తప్పుపట్టను, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కానీ నువ్వు మిషను పక్కన పుస్తకం మూయలేదు. ఏడేళ్ళు తెరిచే ఉంచావు. ఆ మాట నీ ఉత్తరంలో సగం వాక్యంలో రాసి వదిలేశావు చూడు, నేనైతే ఒక పేజీ రాసుకుందును.

ఇక ఇసుక సంగతి. అక్కడ ఆగి ఉత్తరం మళ్ళీ చదివాను. ఎందుకంటే నువ్వూ నేనూ మీ అన్నయ్యా తినే ప్రతి మెతుకూ ఇసుక మీద కట్టిన కట్టు పెట్టిందే.

ధవళేశ్వరం దగ్గర గోదారి అడుగున అందే లోతులో బండ లేదు. తవ్వేకొద్దీ ఇసుకే. 1833లో కరువు. 1839లో కోరంగిని ఊడ్చేసిన ఉప్పెన. గోదావరి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలమంది ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలమంది మిగిలారు. పక్కనుంచి అంత నది సముద్రంలోకి పోతుండగా! అప్పుడు ఆర్థర్ కాటన్ ఆనకట్ట కడదామన్నాడు. కాలువల కోసం ఆయన పైవాళ్ళతో పడిన గొడవ జీవితమంతా సాగింది. 1878లో, 75 ఏళ్ళ వయసులో కూడా, లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి జవాబులు చెప్పుకున్నాడు.

ఇసుకలో కట్టొచ్చన్న ధైర్యం ఆయనకి తంజావూరు ఇచ్చింది. కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట ఇసుకలోనే వందల ఏళ్ళుగా నిలబడి ఉంది. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో ఈ దేశం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. పద్ధతి నీకు తెలియనిది కాదు. మీ లంకలో ఒరల బావి దింపుతుంటే చూసే ఉంటావు. ఇసుక మీద ఒర పెడతారు. మనిషి లోపల గొంతుకూర్చుని తన కాళ్ళకిందున్న ఇసుకనే తట్టకెత్తి పైకి అందిస్తాడు. ఒర తన బరువుకి తనే జానెడు దిగుతుంది. దాని మీద ఇంకో ఒర. మళ్ళీ తట్ట. చుట్టూ ఉన్న ఇసుక లోపలికి జారకుండా ఒర ఆపుతుంది, ఆ ఒర పక్కకి ఒరిగిపోకుండా ఇసుక పట్టుకుంటుంది. అలాంటి బావులు నదికి అడ్డంగా వరసలు వరసలుగా దింపి, రాయీ సున్నమూ నింపి, వాటి మీద కట్టు లేపారు. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. మధ్యలో కాటన్‌ జబ్బుపడి దేశం విడిచి వెళ్ళాల్సొచ్చింది, కెప్టెన్ ఆర్ అనే ఆయన పని నడిపించాడు. వేలాది కూలీలని కూడగట్టి, నచ్చజెప్పి, నిలబెట్టింది ఓవర్సీరు వీణెం వీరన్న. కాటన్ విగ్రహం మన ఊరూరా ఉంది. వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? తట్టలు మోసినవాళ్ళకి అసలు పేర్లే లేవు. ఇది నా పాత గొడవ, ఇక్కడితో ఆపుతాను.

నా సంగతి కూడా ఒకటి చెప్పనీ. ఇంటర్‌లో లెక్కల గ్రూపు కోసం ఒక కాలేజీకి ఫారం పట్టుకెళ్ళాను. అక్కడి గుమాస్తా నాన్న ఉద్యోగం ఏంటో చూసి, ‘లస్కరు కూతురికి లెక్కలెందుకమ్మా’ అని ఎర్రసిరాతో గ్రూపు కొట్టేసి, పక్కన తనకి తోచింది రాసేశాడు. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం లాకుల దగ్గరికి తీసుకెళ్ళాడు. ‘ఈ తలుపు ఇంకో ఆరంగుళాలు లేపితే, పొద్దుటికి ఆ కాలువలో నీటి గేజీ ఎక్కడుంటది?’ అన్నాడు. నేను కాగితం మీద వేస్తున్నాను, ఆయన నీళ్ళవైపు ఒకసారి చూసి చెప్పేశాడు. పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి చూశాను. అక్కడే ఉంది. నాన్న చదివింది నాలుగో తరగతి. ఆ రోజే ఇంకో ఫారం తెచ్చి నేనే రాసుకున్నాను.

నమ్మకం గురించి అడిగావు కదా. ఆ నాన్నే లాకు చక్రం తిప్పేముందు దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు, పక్క ఊళ్ళో ఉన్న వాడపల్లి వెంకన్నని తలుచుకుని. తర్వాత నడుం వంచి తిప్పేవాడు. కళ్ళకద్దుకోకుండా తిప్పిన రోజు నాకు గుర్తులేదు. కళ్ళకద్దుకుని తిప్పకుండా ఊరుకున్న రోజూ గుర్తులేదు.

*

మాది నరసాపురం వైపండి. పోయిన ఆదివారం మా పాస్టరుగారు, బైబిల్లో గొర్రెలు కాసే దావీదు గొల్యాతు అనే భారీ యోధుణ్ణి రాయితో పడగొట్టిన కథ మీద ప్రసంగం చెప్పారు. విశ్వాసం ఉంటే ఎంతటివాడినైనా పడగొట్టొచ్చన్నారు. మా అబ్బాయి టెన్తు. ఆ రోజునుంచి లెక్కల పుస్తకం మూసేసి ‘నాకు విశ్వాసం ఉంది మమ్మీ’ అంటున్నాడు. వాడికేం చెప్పమంటారు?

నవ్వాపుకోలేకపోయానమ్మా, ఏమీ అనుకోకు. వాడికి ఆ అధ్యాయమే మొత్తం చదివించు. సమూయేలు మొదటి గ్రంథం, 17వ అధ్యాయం. పిల్లలు రాయి తగిలిన దగ్గరే చదివి వదిలేస్తారు, అసలు సంగతి అంతకుముందుంది.

సౌలు రాజు తన కవచం, కత్తి, శిరస్త్రాణం దావీదుకి తొడిగిస్తాడు. దావీదు రెండడుగులు వేసి చూసి, ఇవి నాకు అలవాటు లేదని విప్పేస్తాడు. అలవాటైంది ఏంటి? వడిసెల. గొర్రెలు కాసుకునేవాడు, మంద మీద పడిన సింహాన్నీ ఎలుగుబంటినీ చంపినవాడు. వాగులోకి దిగి నున్నటి రాళ్ళు అయిదు ఏరుకుంటాడు. ఒకటి కాదు, అయిదు! అంత విశ్వాసం ఉన్నవాడు నాలుగు రాళ్ళు ఎక్కువే పెట్టుకున్నాడని మీవాడికి గట్టిగా చెప్పు.

ఈ కాలం పిల్లలు వడిసెల చూసుండరు. మా తాత లంకలో జొన్న వేసినప్పుడు మంచె మీద కూర్చుని పిట్టలని తోలేవాడు. జనపనార పేనిన రెండు తాళ్ళు, మధ్యలో గుడ్డంత గూడు అల్లి ఉంటుంది. ఒక కొసన ఉచ్చు, అది వేలికి తగిలించాలి. రెండో కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టాలి. గూట్లో రాయి పెట్టి తలమీదుగా తిప్పి, ఒకానొక క్షణంలో ఆ రెండో కొస వదలాలి. ఆ ఒకానొక క్షణమే విద్యంతా. కనురెప్పపాటు ముందు వదిలితే రాయి ఆకాశంలోకి పోతుంది, ఆలస్యమైతే పక్క చేలోకి. నేను వదిలితే నా వెనకాలకే వెళ్ళేది. ఒకసారి మా పాలేరు తలపాగా మీద పడింది, ఆయన పుణ్యాత్ముడు కాబట్టి నవ్వేసి ఊరుకున్నాడు. తాత మాత్రం చిలకకి తగలకుండా, అది వాలిన కంకి పక్కనుంచి రాయి పోనిచ్చేవాడు. ఎన్నేళ్ళు తిప్పితే వచ్చిందో అది.

ఆరు మూరల జానెడు మనిషి, కంచు కవచంతో ఎదురుగా నిలబడితే చూసినవాళ్ళందరూ వాడి బరువు లెక్కేశారు. గొర్రెల దగ్గర ఆ కుర్రాడు ఎన్ని వేలసార్లు వడిసెల తిప్పాడో ఎవరూ లెక్కేయలేదు. మీవాడి విశ్వాసం మంచిదే, ఉండనీ. రోజుకి అయిదు లెక్కలు ఏరుకోమను, అయిదు రాళ్ళలాగా.

*

మీరు ఎప్పుడూ గెలిచినవాళ్ళ గురించే రాస్తారు. మాది తాళ్ళరేవు వైపు. 1996 నవంబరు 6 తుపానులో మా నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. వెళ్ళేముందు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టే వెళ్ళాడు. ఆయనకి నమ్మకం తక్కువైందా? అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

బాబూ, తక్కువ కాలేదు. మీ నాన్న నమ్మకానికీ ఆ గాలికీ ఏ సంబంధమూ లేదు. ఉందని ఎవరైనా చెబితే, ఎంత పెద్దవాళ్ళయినా సరే, లేచి వచ్చేసెయ్.

ఆ రాత్రి నాకు తెలుసు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. మా వీధి అరుగు మీద పక్కింటి పిల్లలు మతాబులు ఎండబెట్టుకున్నారు, మధ్యాహ్నానికే లోపల పెట్టేయాల్సొచ్చింది. చీకటిపడ్డాక కొబ్బరిచెట్లు పడుతున్న చప్పుడు లెక్కపెడుతూ కూర్చున్నాను, లెక్కల టీచరు బుద్ధి. అరవై దాటాక మానేశాను. తెల్లారి చూస్తే కోనసీమకి ఆకాశం ఎక్కువైపోయింది. ఎటు చూసినా ఎండే. వెయ్యిమందికి పైగా పోయారు, అందులో వేటకెళ్ళినవాళ్ళే వందల్లో. మా బళ్ళో ఆ నెలంతా హాజరుపట్టీ పిలవాలంటే గొంతు పట్టేసేది.

గెలిచినవాళ్ళ గురించే రాస్తాననే మాటకి తలొంచుకుంటాను. అందుకే నేను ఎక్కడా రాయని సంగతి ఒకటి నీకు రాస్తున్నాను.

1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చిందని రేడియోలో చెప్పారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. మా ఊరి ఏటిగట్టు మీద ఆ రెండు రాత్రులూ ఊరు ఊరంతా ఉంది. వరద గట్టుకి రెండడుగుల కింద నల్లగా, చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు చేస్తే అంత భయం ఉండదు. అర్ధరాత్రి దాటాక ఊరివైపు గట్టు అడుగున ఒకచోట నీళ్ళు ఊరడం మొదలైంది. బుంగ. ఎలకో పీతో చేసిన కన్నం చాలు, ఊరు పోవడానికి.

నీళ్ళు తేటగా వస్తే ఫరవాలేదు, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. పెట్రోమాక్సు లైటు దగ్గరపెట్టి చూస్తే బురదగానే ఉంది. ఊరివైపు కన్నం మూసేస్తే ఆగదు, పక్కనుంచి పొడుచుకొస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావిలా గుండ్రంగా కట్టాలి. ఆ బావిలో నీళ్ళు నిండి బరువు తూగితే లోపలి మట్టి రావడం ఆగుతుంది. ఇంకొందరు నడుముకి మోకులు కట్టుకుని ఏటివైపు దిగి, కాళ్ళతో తడుముతూ, చిన్న సుడి ఎక్కడ తిరుగుతోందా అని వెతికారు. దొరికినచోట గడ్డి మోపులు, బస్తాలు కుక్కారు. మేం ఆడవాళ్ళం బస్తాలు నింపి మూతులు కుట్టాం. దబ్బనం గుచ్చుకుని నా అరచేతిలో పడిన మచ్చ ఇంకా ఉంది. గట్టు మీద పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు, చర్చివాళ్ళు పాట ఎత్తుకున్నారు, ఒక సాయిబుగారు గోనె పరుచుకుని నమాజు చేసి లేచి, అదే గోనెలో ఇసుక పోశారు. అందరూ మొక్కారు, అందరూ మోశారు. తెల్లారుజామున నీళ్ళు తేటపడ్డాయి. మా గట్టు నిలిచింది.

అదే రాత్రి అవతల పాయ మీద ఇంకో ఊరి గట్టు తెగింది. వాళ్ళూ మొక్కారు. వాళ్ళూ మోశారు. మాకంటే ఎక్కువ బస్తాలే వేశారని తర్వాత తెలిసింది. వాళ్ళ బళ్ళో పిల్లలు కొన్నాళ్ళు మా బళ్ళో కూర్చున్నారు. అందులో ఒక పిల్ల నన్ను అడిగింది, ‘మీరేం మొక్కారు టీచర్?’ అని. నలభై ఏళ్ళు కావస్తోంది. ఆ పిల్లకి నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను, ఎందుకంటే అది అబద్ధం. ధైర్యం చెప్పాలని ఏదో అన్నాను.

నీకు అబద్ధం చెప్పను. మీ నాన్న కొబ్బరికాయ కొట్టాడు, వల సరిచూసుకున్నాడు, వెళ్ళాడు. అన్నీ సరిగ్గానే చేశాడు. ఈ పేజీలో ఓడినవాళ్ళ గురించి కూడా రాస్తాను ఇకనుంచి. మీ నాన్న గురించి నీకు గుర్తున్నది రాసి పంపుతావా? వల ఎలా అల్లేవాడు, ఏం పాట పాడేవాడు, అలాంటివి.

*

టీచరుగారూ, నేను 9వ తరగతి. అమలాపురం దగ్గర. షటిల్ ఆడతాను. జిల్లా సెలెక్షన్లలో మొదటి రౌండులోనే పోయాను. నాలుగడుగుల ఎనిమిదంగుళాలే ఉంటాను. సాత్విక్ అన్న మా అమలాపురమే కదా. ఆయనలాగా నమ్మకం తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలి? మా నాన్న ఆటలు కూడు పెట్టవంటున్నారు.

ఒరేయ్ నాన్నా, 2022 మే 15 ఆదివారం నేను వంట మానేసి టీవీ ముందు కూర్చున్నాను. బ్యాంకాక్‌లో మగవాళ్ళ జట్ల బ్యాడ్మింటన్ పోటీ, థామస్ కప్ ఫైనల్. అవతల ఇండోనేషియా, అప్పటికే 14 సార్లు కప్పు కొట్టిన దేశం. మనం ఫైనల్ దాకా రావడమే అది మొదటిసారి. లక్ష్య సేన్ మొదటి గేము 8-21తో పోగొట్టుకుని, తర్వాత రెండూ లాక్కున్నాడు. అప్పుడు డబుల్స్‌కి దిగారు మన సాత్విక్, చిరాగ్ శెట్టి. మొదటి గేము 18-21. రెండోదానిలో అవతలివాళ్ళకి మ్యాచ్ పాయింటు. ఒకటి కాచుకున్నారు. ఇంకొకటి. ఇంకొకటి. మొత్తం నాలుగు. ఆ గేము 23-21, ఆఖరిది 21-19. తర్వాత శ్రీకాంత్ వచ్చి పని పూర్తిచేశాడు, 3-0. పాలు పొంగి పొయ్యి మీద పోయాయి, నేను లేవలేదు.

నాలుగో మ్యాచ్ పాయింటు దగ్గర నమ్మకం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుందిరా? సర్వీసు అందుకోవాలి. అది చేత్తో అవుతుంది, ఆ చెయ్యి చిన్నప్పటినుంచి రోజూ చేసిన పని. సాత్విక్‌వాళ్ళ నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇంట్లోనే రాకెట్టు ఉండేది, నీకు ఆ సాయం లేదు. దాన్ని దాచి, పేదింటి కుర్రాడి కథలా చెప్పడం నాకిష్టం లేదు. నీకెక్కువ కష్టం, అంతే.

ఎత్తు గురించి బెంగపడకు. ఆ ఫైనల్లో అవతలివైపు ఆడిన సుకముల్జో ఏమంత పొడగరి కాదు. నెట్ దగ్గర మెరుపు. తన పాత జోడీ గిడియన్‌తో కలిసి ఏళ్ళ తరబడి ప్రపంచంలో మొదటి ర్యాంకులో కూర్చున్నాడు. నీ నోటుపుస్తకంలో ఇంకో స్కోరు కూడా రాసుకో: 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్, 21-13, 14-21, 16-21. మనవాళ్ళు మొదటి గేము గెలిచి ఓడిపోయారు. ఆసియా క్రీడల బంగారం తెచ్చినవాళ్ళు, ప్రపంచంలో మొదటి ర్యాంకు చూసినవాళ్ళు. నువ్వు మొదటి రౌండులో పోయినదానికి ఇంత మొహం పెట్టుకుంటే ఎలా?

మీ నాన్నగారికి: అయ్యా, కూడు పెట్టవన్నమాట చాలామంది విషయంలో నిజమే, కాదనను. వారానికి మూడు సాయంత్రాలు, ఒక సంవత్సరం ఇవ్వండి. మార్కులు తగ్గితే రాకెట్టు తెచ్చి నాకివ్వండి, నేనే దాచిపెడతాను.

*

రాజోలు నుంచి. మంచం పట్టిన మామగారిని వదిలి కార్తీకమాసంలో ఒక్క గుడికీ వెళ్ళలేకపోయాను. భక్తి లేదని ఇంట్లో అందరూ సాధిస్తున్నారు. మా కష్టాలు తీరకపోవడానికి అదే కారణమంటున్నారు.

లంకల గన్నవరం మీకు దగ్గరే. డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలని వచ్చినవాళ్ళకి వేళాపాళా లేకుండా వండిపెట్టిన ఇల్లు అక్కడిదే. ఆవిడ ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని పల్లకిలో బయల్దేరిందట. దారిలో పిల్లలతో నడిచి వస్తున్నవాళ్ళు ‘ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం తినొచ్చు’ అనుకోవడం ఆవిడ చెవిన పడింది. పల్లకి వెనక్కి తిప్పించేసిందట. మన ప్రాంతంలో ఈ కథ తెలియని ముసలమ్మ ఉండదు. మీ అత్తగారికీ తెలిసే ఉంటుంది. మామగారికి జావ పట్టించేటప్పుడు, ఏమీ ఎరగనట్టు, ఆ కథ చెప్పమని అత్తగారినే అడుగు.

*

మొదటి ఉత్తరం రాసిన అమ్మాయికి ఒక మాట మరిచాను. మీ అమ్మకి ఏడో శనివారం మిగిలిందన్నావు. తెల్లారకముందే బయల్దేరదీయి. ఎండెక్కితే ప్రదక్షిణాల దగ్గర రాయి కాళ్ళు కాల్చేస్తుంది, జనం కూడా ఎక్కువవుతారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోని లొల్ల లాకుల దగ్గర ఆపించు. తలుపుల పక్కన చెట్టుకింద నాన్న కూర్చునే అరుగుంది. ఆ శనివారం పదింటిదాకా నేను అక్కడే ఉంటాను. అమ్మకి ఆత్రేయపురం పూతరేకులు తెస్తాను, నువ్వు టెట్ పుస్తకం తెచ్చుకో. నిష్పత్తులు, కాలము–పని, ఆ రెండు అధ్యాయాలకీ గుర్తులు పెట్టి ఉంచు.